ఎక్కే బలం కాదు, దిగే బలం చూసి పికప్పు కొనండి

కూరగాయలు తోలడానికి బొలేరో పికప్పు, టాటా యోధా, ఇసుజు డీ-మ్యాక్స్, అశోక్ లేలాండ్ దోస్త్ అనే నాలుగింటిలో ఏది మంచిది, దేని ఇంజను బలమైనది అని మీరు అడిగారు. నేను పదకొండేళ్లుగా మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్టుకు టమాటా తోలుతున్నాను. ఈ పదకొండేళ్లలో రెండు బండ్లు నడిపాను, ఇప్పుడున్నది బొలేరో పికప్పు. మా బావకు యోధా ఉంది, మాతో పాటు లోడు ఎత్తే మిత్రుడొకరు డీ-మ్యాక్స్ నడుపుతారు. మీ దారిలో లోడుతో ఘాట్ రోడ్డు దిగవలసి ఉంటే రెండున్నర లీటర్ల ఇంజను ఉన్న బండినే తీసుకోండి, లేకపోతే మిగిలినవి కూడా ఆలోచించండి అన్నది నా మాట. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరంగా రాస్తాను.

ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా అందరూ హార్స్ పవర్ లెక్కలే వేస్తారు. యోధాకు 100 హార్స్ పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. బొలేరో పికప్పుకు సుమారు 75 హార్స్ పవర్, 200 న్యూటన్ మీటర్లు. డీ-మ్యాక్స్ సింగిల్ క్యాబ్‌కు 78 హార్స్ పవర్, 176 న్యూటన్ మీటర్లు. ఈ అంకెలు చూసి యోధా మొదటిది, టార్క్‌లో డీ-మ్యాక్స్ చివరిది అని తేల్చేస్తారు. ఈ అంకెలన్నీ బండి ఎలా ఎక్కుతుందో చెప్పేవే తప్ప, రెండు టన్నుల లోపు సరుకుతో రాత్రిపూట కొండ దిగుతున్నప్పుడు బండిని ఏది పట్టి ఉంచుతుందో వాటిలో ఒక్కటీ చెప్పదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, చెన్నై సముద్రపు ఒడ్డున ఉన్న నగరం. అంటే మా టమాటా లోడు పుట్టిన దగ్గర నుంచి అమ్ముడుపోయే దాకా దిగుతూనే ఉంటుంది. పీలేరు దాటాక భాకరాపేట ఘాట్‌లో ఆ దిగుడు ఒక్కసారిగా మీద పడుతుంది.

నా మొదటి బండి సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఇంజను పికప్పు. దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే తప్పు ఆ బండిది కాదు, ఆ దారికి దాన్ని ఎంచుకున్న నాది, నడిపిన తీరు కూడా నాదే. అది ఎనిమిదేళ్ల కిందటి మాట, ఆషాఢ మాసం, సన్నగా జల్లు పడుతున్న రాత్రి. మార్కెట్ యార్డులో వేలం ఆలస్యమైంది, క్రేట్లు ఎక్కించేసరికి ఎనిమిది దాటింది, తెల్లవారేలోగా కోయంబేడు చేరకపోతే ధర పడిపోతుందన్న ఆదుర్దా మనసులో ఉంది. లోడు కూడా ఉండవలసిన దానికన్నా ఎక్కువే. భాకరాపేట దాటి ఘాట్‌లోకి దిగినప్పుడు నాలుగో గేరులో ఉన్నాను. బండి బరువుకు తానే వేగం అందుకుంటూ ఉంటే ప్రతి మలుపు ముందు బ్రేకు తొక్కుతూ, వదులుతూ, మళ్లీ తొక్కుతూ దిగాను. మొదటి నాలుగైదు మలుపులు బాగానే గడిచాయి. ఆ తరువాత కాలిన బ్రేకు లైనింగు వాసన వచ్చింది. ముందు వెళుతున్న లారీ వాసన అనుకున్నాను, కాని ముందు ఏ లారీ లేదు.

మరుసటి మలుపు దగ్గర బ్రేకు పెడలు మెత్తగా, తడిసిన గుడ్డను తొక్కినట్టుగా కిందికి పోయింది. రెండోసారి తొక్కితే నేలను తాకింది. గేరు తగ్గిద్దామంటే వేగం ఎక్కువైపోయి మూడో గేరు పడక గరగరమంది. హ్యాండ్ బ్రేకు లాగితే వేగం కొంత తగ్గింది గాని బండి ఆగలేదు. అదృష్టవశాత్తు ఆ మలుపు దగ్గర కొండ వైపున వానకు జారిన మట్టి గట్టుగా పేరుకుని ఉంది. చక్రాలను ఆ మట్టిలోకి తోసి, బాడీ రాసుకుంటూ పోగా పోగా ఆపగలిగాను. ముందు వరుస క్రేట్లు క్యాబిన్ వెనక్కి వచ్చి గుద్దుకున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. దిగి చూస్తే ముందు చక్రాల నుంచి పొగ వస్తోంది, జల్లు చినుకులు వాటి మీద పడి చుయ్యిమంటున్నాయి.

నేను నీళ్ల డబ్బా తీసి చక్రాల మీద పోయబోతుండగా వెనక నుంచి దిగుతున్న ఒక లారీ ఆగింది. అరవై దాటిన పెద్దాయన దిగి వచ్చి, నా చేతిలో డబ్బా పట్టుకుని, "నీళ్లు పొయ్యొద్దు నాయనా, కాలిన ఇనుము పగులుతుంది. దానంతట అది సల్లారనీ" అన్నాడు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఏ గేర్లో దిగతా ఉండావు?" నేను నాలుగో గేరని చెప్పాను. "వచ్చేటప్పుడు ఇదే లోడుతో ఇదే కొండ ఎక్కాలంటే ఏ గేరు ఏస్తావు?" అని అడిగాడు. రెండో గేరు అన్నాను. "అయితే దిగేదానికీ రెండో గేరే. ఎక్కే గేర్లోనే దిగాల. బ్రేకు ఆపేదానికే గాని మోసేదానికి కాదు" అన్నాడు. ముప్పావుగంట ఆగిన తరువాత ఆయన లారీ వెనక రెండో గేరులో దిగాను. చిన్న ఇంజను గోలపెట్టింది, చక్కర్లు ఎక్కువయ్యాయి, అయినా అది బండిని సగమే పట్టగలిగింది, మిగిలిన సగం బ్రేకే మోయవలసి వచ్చింది. కోయంబేడు చేరేసరికి తెల్లవారి ఏడయింది, సరుకు పడిపోయిన ధరకు పోయింది. ఆ నష్టం ఆ నెలలోనే మరిచిపోయాను, మెత్తగా నేలకు పోయిన ఆ పెడలును మాత్రం మరిచిపోలేదు.

ఆ రాత్రి తరువాత ఇది నేను లెక్క వేసి చూసుకున్నాను. సరుకుతో కలిపి మూడు టన్నుల బండి నిలువున వంద మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 29 లక్షల జౌళ్లు. పది లీటర్ల చన్నీళ్లను మరిగేదాకా కాచడానికి దాదాపు అంత వేడి కావాలి. వేగం పెరగకుండా దిగాలంటే ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గాలి, టైర్లు కొంత తింటాయి, మిగిలినది ఇంజను తీసుకోవాలి, ఇంజను తీసుకోలేనిది బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆ వేడి లైనింగును దాటి బ్రేకు ఆయిలుకు చేరితే ఆయిలు మరిగి బుడగలు కడుతుంది, బుడగలున్న ఆయిలు మీద ఎంత తొక్కినా ఒత్తిడి చక్రానికి చేరదు. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, చెమ్మ పీల్చుకున్న తరువాత అదే కనీసం 140 డిగ్రీలకు పడిపోతుంది. నా బండిలోని ఆయిలును ఎన్నేళ్లుగా ఎవరూ మార్చలేదు. ఇంజను ఆయిలు గురించి గంటలు గంటలు వాదించుకునే డ్రైవర్లలో బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో చెప్పగలిగినవారు పదిమందిలో ఇద్దరు కూడా ఉండరు, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఇక ఇంజను సంగతి. గేరులో ఉంచి రేసు (యాక్సిలరేటరు) మీద నుంచి కాలు తీస్తే ఇంజను చక్రాలను వెనక్కి పట్టుకుంటుంది. డీజిల్ ఇంజనులో పెట్రోలు ఇంజనులాగా గాలిని బిగపట్టే తలుపు ముఖ్యమైన పని చేయదు, అందువల్ల ఈ పట్టు మామూలుగానే తక్కువ. పెద్ద లారీలకు దీనికోసం పొగ దారిని బిగించి ఇంజను పట్టును పెంచే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది, మేము నడిపే పికప్పులలో అది లేదు. కాబట్టి ఉన్న పట్టు అంతా సిలిండర్ల పరిమాణం నుంచి, లోపలి రాపిడి నుంచి, గేరు నిష్పత్తి నుంచి రావాలి. బొలేరో పికప్పులోని 2,523 సీసీ ఇంజను ప్రతి రెండు చుట్లకూ రెండున్నర లీటర్ల గాలిని మింగి, నొక్కి, బయటికి తోయాలి. ఒకటిన్నర లీటర్ల ఇంజను ఒకటిన్నర లీటర్ల గాలితోనే సరిపెట్టుకుంటుంది. ఎక్కేటప్పుడు ఆ లోటును ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బో తీరుస్తుంది. ఇసుజు వారి వీ-క్రాస్‌నే చూడండి: 2016లో 2.5 లీటర్ల ఇంజనుతో 134 హార్స్ పవర్ ఇచ్చిన బండి, తరువాత 1.9 లీటర్ల చిన్న ఇంజనుతో 160కి పైగా ఇచ్చింది. అది గొప్ప ఇంజనీరింగే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని రేసు వదిలిన క్షణం నుంచి టర్బోకు పని లేదు. ఎక్కేటప్పుడు ఆదుకునే టర్బో దిగేటప్పుడు ఆదుకోదు, అక్కడ సీసీయే మాట్లాడుతుంది.

ఈ సందర్భంలోనే న్యూట్రల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా మార్కెట్ యార్డులో కుర్రవాళ్లు డీజిల్ మిగులుతుందని దిగుడు అంతా న్యూట్రల్‌లో వదిలేస్తున్నారు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేరులో ఉండగా రేసు వదిలితే కంప్యూటరు డీజిల్‌ను పూర్తిగా కట్టేస్తుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే పొదుపు అనుకుని చేసే పని డీజిల్‌నూ తగలేస్తుంది, ప్రాణాన్నీ పణంగా పెడుతుంది. ఇంకొందరు ఏకంగా ఇంజను ఆపేస్తారు. ఇంజను ఆగితే బ్రేకుకు తోడ్పడే వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుందని వారికి ఎవరూ చెప్పలేదు.

మీరు అడిగిన బండ్ల విషయానికి వస్తే, నా మొదటి ఓటు బొలేరో పికప్పుకే. ఈ 2,523 సీసీ ఇంజను పాతకాలపు నెమ్మదితనం ఉన్న ఇంజను. మైదానంలో వంద వేగం అందుకోమంటే ఇబ్బంది పడుతుంది, శబ్దం కూడా ఎక్కువే. అయితే భాకరాపేటలో రెండో గేరులో పెట్టి కాలు తీస్తే చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది. ఇప్పుడు నేను ఘాట్ అంతటికీ బ్రేకును తొక్కేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే. 1.7 టన్నుల రకం మాకు సరిపోతుంది. 2022 నుంచి వచ్చిన మ్యాక్స్ పికప్పులలో రెండు టన్నుల రకం కూడా ఉంది.

డీ-మ్యాక్స్ ఇంజను 2,499 సీసీ, అంటే పరిమాణంలో బొలేరోకు జోడీ. కాగితం మీద అన్నిటికన్నా చివర నిలబడే దాని 176 న్యూటన్ మీటర్లు ఇంజను నిమిషానికి 1,500 చక్కర్లు తిరిగితేనే అందుతాయి కాబట్టి లోడుతో కదలడానికి క్లచ్చును కాల్చవలసిన పని ఉండదు. ఆ బండి తయారయ్యేది మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో 2016లో మొదలైన కర్మాగారంలో. మా మిత్రుడి బండిలో కూర్చుని వెళ్లినప్పుడు నడుము నొప్పి లేకుండా చెన్నై చేరాను, రాత్రంతా మేలుకునే డ్రైవరుకు అది చిన్న సంగతి కాదు.

టాటా వారిది 1988 నాటి టాటామొబైల్‌తో మొదలైన వంశం. ఆ తరువాత 207 వచ్చింది, ఆ వరుసలో ఇప్పటిది యోధా. పాత 207 డీఐకి మూడు లీటర్ల ఇంజను ఉండేది, దానిలో కొండ దిగిన పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. ఇప్పటి యోధా ఇంజను 2.2 లీటర్లది. మా బావతో నాకు ఉన్న వాదం ఇదే. తిరుపతి నుంచి సిమెంటో, కిరాణా సరుకో వేసుకుని తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఘాట్‌ను మూడో గేరులో ఎక్కేస్తాడు, నేను రెండో గేరులో వెనక మిగిలిపోతాను. దిగేటప్పుడు మాత్రం ఆయన బ్రేకు లైట్లు నా బ్రేకు లైట్ల కన్నా ఎక్కువసార్లు వెలుగుతాయి. "నువ్వు డబ్బులు ఎక్కేటప్పుడు సంపాదిస్తావా, దిగేటప్పుడా?" అని ఆయన అడుగుతాడు. మాకు సంపాదన టమాటా లోడులోనే, అంటే దిగేటప్పుడే. మీకు బరువు లోడు ఎత్తుకు వెళ్లేదయితే, ఉదాహరణకు విశాఖపట్నం నుంచి అరకు ఊళ్లకు సరుకు చేరవేసే పనయితే, మా బావ మాటే సరైనది, యోధా తీసుకోండి.

దోస్త్ 2011లో వచ్చింది, ఒకటిన్నర లీటర్ల మూడు సిలిండర్ల ఇంజను. తోట నుంచి యార్డుకు, యార్డు నుంచి ఊళ్లోని దుకాణాలకు తిరిగే పనికి దాన్ని మించిన పొదుపు నాకు కనబడలేదు. గుంటూరు, తెనాలి, ఏలూరు వంటి పల్లపు ప్రాంతాలలో తోలేవారు నా ఘాట్ భయాలన్నీ పక్కన పెట్టి దాన్ని నిశ్చింతగా కొనుక్కోవచ్చు. వీ-క్రాస్, 204 హార్స్ పవర్ టయోటా హైలక్స్ వంటివి సొంతానికి సరదాగా నడుపుకునే బండ్లు, కిరాయి లెక్కలో వాటి కంతు తీరదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే కొత్త పొగ కాలుష్య ప్రమాణం వచ్చాక మరో సంగతి కూడా చూసుకోవాలి. మసి పట్టే ఫిల్టరు ఉన్న బండి అయితే, ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి, అంటే అప్పుడప్పుడూ హైవే మీద లోడుతో ఆగకుండా పరుగెత్తాలి. చెన్నైకి తోలే బండికి అది దానంతట అదే జరిగిపోతుంది. రోజంతా రెండు మూడు కిలోమీటర్ల ముక్కలుగా తిరిగే బండికి జరగదు, డ్రైవరు ముందున్న హెచ్చరిక దీపం వెలిగినప్పుడు పట్టించుకోకపోతే ఖర్చు తగులుతుంది. ఊళ్లో తిప్పడానికే అయితే సీఎన్‌జీ లభించే చోట దాన్ని కూడా అడిగి చూడండి.

కొనే ముందు షోరూం చుట్టూ ఒక చుట్టు తిప్పి చూపిస్తే తృప్తి పడకండి. మీ దారిలోని ఘాట్‌కు, అనుమతించిన బరువు వేసి, పగటిపూట, అనుభవం ఉన్న డ్రైవరుతో తీసుకువెళ్లి చూడండి. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో రాసుకోండి. అదే గేరులో దిగుతూ, రేసు వదిలి, అవసరమైన చోటనే బ్రేకు వాడుతూ, వేగం నిలబడుతోందో పెరుగుతోందో, ఎన్నిసార్లు బ్రేకు తొక్కవలసి వచ్చిందో లెక్కపెట్టండి. మీరు ఏ ఊరి నుంచి ఏ మార్కెట్టుకు తోలుతారో, లోడు ఎత్తుకు వెళ్లేదో పల్లానికి వచ్చేదో రాస్తే, ఈ నాలుగింటిలో మీకు ఏది కుదురుతుందో ఇంకా కచ్చితంగా చెప్పగలను.