పార్ట్‌టైమ్ వాళ్ల పేర్లు కొట్టేస్తే ఖర్చు తగ్గదు

ప్రశ్న: మాది విజయవాడ. స్వీట్లు, టిఫిన్ల షాపు నడుపుతున్నాం. రోజంతా పనిచేసేవాళ్లు ఏడుగురు, జీతం రూ.15,000. పొద్దున పూట మాత్రమే వచ్చే ఆడవాళ్లు నలుగురు, రూ.9,000. శని, ఆదివారాల్లో క్యాటరింగ్‌కి వచ్చే కుర్రాళ్లు ఇద్దరికి తలా రూ.5,000 ఇస్తాం. ఆ నలుగురిలో ఒకావిడకు గత ఏడాది ఆపరేషన్ అయితే నేనే నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చి బిల్లు కట్టాను. అసలు ఇంకా అలాగే ఉంది. ఆమె జీతంలో నెలకు రూ.2,000 పట్టుకుంటున్నాను. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఈఎస్ఐలో (ఉద్యోగుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా పథకం) చేరమని ఆడిటర్ అంటున్నారు. పార్ట్‌టైమ్ వాళ్లను పుస్తకాల్లోంచి తీసేసి, నెలకు తలా రూ.500 ఇచ్చి సొంతంగా పాలసీ తీసుకోమందామని మా ఆలోచన. లోన్ యాప్‌లో మూడు లక్షలు తీసుకుని పాత అప్పు తీర్చి, మిగతాది చేతిలో ఉంచుకుంటాం. ఇది సరైనదేనా?

జవాబు: కాదండీ. మీలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి. అందరిదీ ఒకటే పొరపాటు. పూట పని చేసేవాళ్లు లెక్కలోకి రారనుకోవడం. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

కొత్త కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజమే. కానీ పార్ట్‌టైమ్ వాళ్లను లెక్కపెట్టాలన్నది కొత్త సంగతి కాదు. పాత ఈఎస్ఐ చట్టంలోనూ వాళ్లు ఉద్యోగులే. పదిమంది ఉన్న షాపుకు అది వర్తించేది. మీ దగ్గర పదమూడుగురున్నారు. ఒకసారి వర్తించాక ఆ తర్వాత తొమ్మిదిమందికి తగ్గించినా వర్తిస్తూనే ఉంటుంది. పేర్లు కొట్టేయడం వల్ల చట్టం మిమ్మల్ని వదలదు. తనిఖీ జరిగిన రోజున మీ దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు, అంతే. పాత బకాయిలు అడగకుండా చేర్చుకునే స్ప్రీ పథకం 2025 జులైలో మొదలైంది, గడువు కూడా పొడిగించారు. మీరు వాడుకోలేదు. ఇక ఆలస్యం చేసిన ప్రతి నెలా బకాయి పెరుగుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఈఎస్ఐకి జీతం మీద యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. మీ ఆరుగురు పార్ట్‌టైమ్ వాళ్ల జీతాలు కలిపి రూ.46,000. మీరు కట్టాల్సింది నెలకు రూ.1,495. మీరు అనుకున్న తలా రూ.500 అయితే రూ.3,000. పేర్లు తీసేయడానికి మీరు రెట్టింపు ఖర్చు పెడుతున్నారన్నమాట! పదమూడుగురి జీతాలూ కలిపి రూ.1,51,000. అందరికీ కలిపి మీ వాటా రూ.4,908. అదే సమయంలో ఆ రెండు లక్షల మీద మీరు నెలనెలా కడుతున్న వడ్డీ రూ.6,000. షాపులో అందరికీ, వాళ్ల కుటుంబాలకూ వైద్యం వచ్చే సొమ్ము కంటే ఒక్క అప్పు వడ్డీ ఎక్కువ. ఈ లైను మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

ఆ రూ.500 వాళ్లకు ఎందుకు సరిపోదో కూడా చెప్తాను. ఏడాదికి రూ.6,000తో నలుగురున్న ఇంటికి పనికొచ్చే పాలసీ రాదు. వచ్చినా పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి ఉంటుంది. చేతికిచ్చిన డబ్బు పిల్లల ఫీజుకో, గ్యాస్‌కో వెళ్తుంది, దాంట్లో వాళ్ల తప్పేమీ లేదు. ఈఎస్ఐలో మెడికల్ టెస్టులు అడగరు, షుగర్ ఉందా అని అడగరు. మీ ఊళ్లోనే గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పెద్ద చికిత్సలకు కొన్ని షరతులున్నాయి కానీ మామూలు వైద్యం చేరిన రోజు నుంచే మొదలవుతుంది.

మంచి మనసుతో ఆవిడ బిల్లు కట్టారు. ఆ మనసును తప్పుపట్టను. కానీ ఆమె పేరు రిజిస్టర్‌లో ఉండి ఉంటే ఆమె జీతంలోంచి నెలకు పోయేది రూ.67.50. ఇప్పుడు పోతున్నది రూ.2,000. మంచాన ఉన్న రోజులకు సగటు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వచ్చేది కూడా. ఆ కోత ఈ నెల నుంచే ఆపేయండి. మీ వాటా 3.25 శాతాన్ని కూడా వాళ్ల జీతాల్లోంచి పట్టుకోవద్దు, అది చట్టవిరుద్ధం.

లోన్ యాప్ సంగతి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. దాన్ని తీర్చడానికి యాప్‌లో ఇంకో అప్పా? ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని, రెండు వాయిదాలు తప్పితే మీ ఫోన్‌లో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు చేసే యాప్‌లు ఎన్ని కాపురాలను రోడ్డు మీదకు తెచ్చాయో మీరు చూడలేదా? చేతిలో ఉంచుకోవడానికి లక్ష అప్పు చేయడమేమిటి? ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి సరిగ్గా రెండు లక్షలే తీసుకోండి. వడ్డీ ఏడాదికి 10 శాతం అటూ ఇటూగా ఉంటుంది. ఆ రోజే పాత అప్పు తీర్చి, ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకుని చింపేయండి.

ఆ తర్వాత నేను అందరికీ చెప్పేదే మీకూ చెప్తాను, షాపుకు అత్యవసర నిధి కావాలి. వ్యాపారం బాగా నడిచే షాపుల్లో కూడా ఇది ఉండదు, డబ్బంతా సరుకులోనే ఉంటుంది. మీకు రెండు నెలల జీతాలంటే మూడు లక్షలు. దసరా, దీపావళి ఆర్డర్ల లాభంలో సగం వేరే బ్యాంకు ఖాతాలోకి నేరుగా వెళ్లాలి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టకండి. ఈఎస్ఐ ఉన్నాక ఇది ఎందుకంటారా? ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టినదానికి నగదు సాయం దొరికేది ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి తొమ్మిది నెలలు వైద్యం ఉంటుంది, జీతం నష్టానికి డబ్బు రాదు. పైగా ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా పడాలి. పొద్దున పూట వచ్చే ఆడవాళ్లకు అది సులువుగా దాటుతుంది, గంటలు తక్కువైనా రోజు రోజే. శని, ఆదివారాల కుర్రాళ్లకు ఆరు నెలల్లో 52 రోజులే అవుతాయి. వీలైతే శుక్రవారం సాయంత్రం మిఠాయిల పనికి కూడా పిలవండి. వారానికి మూడు రోజులైతే ఒక్కటీ మానకుండా వస్తేనే 78. లేకపోతే వాళ్లకు జబ్బు చేసిన రోజున అడ్వాన్స్ ఇవ్వాల్సింది మీ నిధిలోంచే. ఆ అడ్వాన్స్‌కు వడ్డీ వేయకండి. వేడి నూనె దగ్గర పనిచేసేవాళ్లు కాబట్టి అందరిచేతా బ్యాంకులో రూ.20 ప్రమాద బీమా కూడా చేయించండి.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా అంటారు కొందరు. ఉంది, వాడుకోమనండి. జాబితాలో ఉన్న చికిత్సలకు అది పెద్ద అండ, కానీ జీతం ఇవ్వదు, ఈఎస్ఐ బాధ్యతను మీ మీదనుంచి తీసేయదు. గ్రూప్ పాలసీ అదనంగా తీసుకోవచ్చు, దానికి బదులుగా కాదు.

చివరిగా మీరు ఉత్తరంలో ఒక మూల రాసిన మాట. మీకు బీపీ ఉందనీ, మీకూ మీ ఇంటావిడకూ పాలసీ లేదనీ, వచ్చే ఏడాది చూద్దామనుకుంటున్నామనీ రాశారు. యజమానికి ఈఎస్ఐ రాదు. షాపులో పదమూడుగురికి రక్షణ వచ్చాక, ఏమీ లేనిది మీ ఇద్దరికే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఈ నెలలోనే ఇద్దరికీ కలిపి పది లక్షలకు తీసుకోండి. ఎంత ఆలస్యమైతే పాత జబ్బులకు ఆగాల్సిన ఆ మూడేళ్ల గడువు అంత ఆలస్యంగా పూర్తవుతుంది. ఫారంలో బీపీ దాచకండి. ఏజెంటు వద్దన్నా సరే, ఏ మందు ఎప్పటినుంచి వేసుకుంటున్నారో స్పష్టంగా రాసి, ఆ ఫారం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.