టెక్ సందేహాలు: ఏడాది చందా కట్టేశాను, కంపెనీ లెక్కల్లో అదెక్కడ?

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ గేమ్‌కి ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఒకేసారి కట్టాను. ఆ కంపెనీ మూడు నెలల ఫలితాలు చూస్తే బుకింగ్స్ ఒక అంకె, రెవెన్యూ ఇంకో అంకె. తేడా సొమ్ము ఎక్కడ దాస్తున్నారు?

జవాబు: ఎక్కడా దాచడం లేదండీ. డబ్బు చేతికి రావడం వేరు, అది ఆదాయం కావడం వేరు. మీరు 1,200 కట్టారనుకుందాం. డబ్బు అందింది గానీ, సేవ మాత్రం ఒక్క రోజుది కూడా ఇంకా ఇవ్వలేదు. అందుకే మొత్తాన్నీ డిఫర్డ్ రెవెన్యూ పేరుతో బ్యాలెన్స్ షీట్‌లో బాకీల వైపు రాస్తారు. నెల గడిచేకొద్దీ 100 చొప్పున అక్కడి నుంచి తీసి ఆదాయంలో కలుపుతారు. మూడు నెలలకు ఆదాయం 300, ఇంకా తీర్చాల్సిన సేవ 900. బుకింగ్స్‌లో మాత్రం అమ్మిన 1,200 మొత్తం కనిపిస్తుంది. 2014 మేలో వెలువడిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15, అమెరికాలో దానికి జోడీ అయిన ఏఎస్‌సీ 606 అడిగేది ఇదే. మీరు నెలంతా లాగిన్ కాకపోయినా ఆ 100 ఆదాయమే, ఎందుకంటే సర్వర్ మీ కోసం తెరిచే ఉంది.

చందా లెక్క తేలికే. అసలు చిక్కు గేమ్‌లో కొనే వస్తువులతో వస్తుంది. ఒకసారి వాడితే అయిపోయే వాటికి వాడినప్పుడే ఆదాయం. కానీ గేమ్‌లోని మీ పాత్రకు కొన్న, ఎప్పటికీ మీ దగ్గరే ఉండే డ్రెస్ సంగతేంటి? డబ్బు కట్టే ఆటగాడు సగటున ఎన్నాళ్లు ఉంటాడో కంపెనీయే అంచనా వేసి, అన్ని నెలలకూ పంచుతుంది. ఆన్‌లైన్ గేమ్‌ల కంపెనీ రోబ్లాక్స్ 2022లో ఈ అంచనాను 23 నెలల నుంచి మొదట 25కి, తర్వాత 28కి పెంచింది. అంటే అమ్మకాలు అవే ఉన్నా ఆదాయం మరింత నెమ్మదిగా కనబడుతుంది. అందుకే ఇలాంటి కంపెనీల ఫలితాల్లో రెవెన్యూ ఒక్కటే చూసి బాగుందనో, పడిపోయిందనో తేల్చేయడం నాకు నచ్చదు. బుకింగ్స్, డిఫర్డ్ రెవెన్యూ పెరుగుదల, ఆ నెలల అంచనా కూడా చూడండి. అంచనా ఎంతో సాధారణంగా వార్షిక నివేదిక నోట్స్‌లో రాస్తారు.

ప్రశ్న: మధ్యలో గేమ్ మూసేస్తే, ఆ బాకీల్లో ఉన్న నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: డిఫర్డ్ రెవెన్యూ అంటే విడిగా తాళం వేసి ఉంచిన డబ్బు కాదు. ఆ సొమ్ము జీతాలకో, సర్వర్లకో ఖర్చయిపోయి ఉండొచ్చు. మిగిలిన నెలలకు రీఫండ్ వస్తుందా అన్నది మీరు ఒప్పుకున్న షరతులను, మీ దేశపు వినియోగదారుల చట్టాన్ని బట్టి ఉంటుంది. ఆటగాళ్లు తగ్గిపోతున్న పాత గేమ్ అయితే, కాస్త ఎక్కువ పడినా నెలనెలా కట్టడమే మంచిది.