టెక్ సందేహాలు: వేడెక్కితే ఆగే కారు, పోయింది కంప్యూటరేనా?

సందేహం: నా దగ్గర 1993 నాటి టయోటా ఎంఆర్2 ఉంది. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. హైవే ఎక్కి ముప్పావుగంట నడిపితే మాత్రం టక్కున ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్. ఇంజిన్ కంప్యూటర్ పోయిందని, ఇంకోటి తెప్పించాలంటే 60 వేలవుతుందని మెకానిక్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ స్కానర్ కొన్నాను గానీ, దాన్ని పెట్టే సాకెట్టే కారులో లేదు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, కావలి

ముందు ఆ 60 వేలు జేబులోనే ఉంచండి. మీరు చెప్పిన లక్షణాల్లో కంప్యూటర్‌ని అనుమానించాల్సినవి తక్కువ. వేడెక్కితే ఆగి, చల్లారితే నడిచే బండిలో నేను మొదట చూసేది డిస్ట్రిబ్యూటర్‌లోని (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకూ పంచే భాగం) పికప్ కాయిల్ (ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చెప్పే తీగచుట్ట), ఇగ్నైటర్ (స్పార్క్ పుట్టించే స్విచ్చు), ఆ తర్వాత ఈఎఫ్ఐ రిలే (కంప్యూటర్‌కు కరెంటు అందించే స్విచ్చు). కాయిల్‌లోని సన్నటి తీగ ఎక్కడో తెగి ఉంటే, వేడికి ఆ చివరలు ఎడమవుతాయి, చల్లారాక మళ్లీ అంటుకుంటాయి. పైగా మీ బండికి ఇంజిన్ సీట్ల వెనకాల, గాలి సరిగా ఆడని చోట ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ఎండల్లో ముప్పై ఏళ్ల నాటి టంకం పగలడం వింతేమీ కాదు.

స్కానర్ సంగతి. మీరు కొన్నది ఓబీడీ-2 (బండిలోని లోపాలను కంప్యూటరే గుర్తించి స్కానర్‌కు చెప్పే పద్ధతి) ఉన్న బళ్లకు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి తప్పనిసరి అయింది. మీ కారు అంతకన్నా పాతది, కాబట్టి సాకెట్ లేకపోవడం లోపం కాదు. దానికి స్కానర్ అక్కర్లేదు కూడా, అరచేతి పొడవు వైరు ముక్క చాలు.

ఇంజిన్ దగ్గర మూత ఉన్న చిన్న నల్ల డబ్బా ఉంటుంది. మూత లోపలి వైపు టెర్మినళ్ల పేర్లు రాసి ఉంటాయి. అందులో టీఈ1, ఈ1 రెండింటినీ వైరుతో కలపండి. ఏసీ, లైట్లు ఆపి, యాక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. మీటర్ల దగ్గరి చెక్ లైట్ మిణుకు మిణుకుమంటుంది. ఆగకుండా ఒకే లయలో టకటకా కొడితే కోడ్ (లోపాన్ని చెప్పే నంబరు) ఏమీ లేనట్టు. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే 12. మీ విషయంలో నేను ఎదురుచూసేవి మూడే: 12, 13 వస్తే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చేరడం లేదు, 14 వస్తే ఇగ్నైటర్ నుంచి జవాబు రావడం లేదు. 22 వస్తే మాత్రం ఇంజిన్ నీళ్ల వేడి చూసే సెన్సర్. దాని కప్లర్ (వైరు ప్లగ్గు) ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు 2, 3 కిలో ఓములు, ఇంజిన్ వేడెక్కాక 200 నుంచి 400 ఓములు ఉండాలి. ఒక జాగ్రత్త: అదే డబ్బాలో +బి అనే టెర్మినల్ ఉంటుంది. అది బ్యాటరీ కరెంటు. పొరపాటున దాన్ని ఈ1కి కలిపారో, ఫ్యూజు ఎగిరిపోతుంది.

కోడ్ ఏమీ రాకపోయినా కంగారు పడొద్దు. ఈసారి ఆగిపోయినప్పుడు చల్లారేదాకా చెట్టు కింద కూర్చోకుండా, వెంటనే తాళం ఆపి మళ్లీ ఆన్ చేయండి. చెక్ లైట్ వెలిగిందా? వెలిగితే కంప్యూటర్‌కు కరెంటు అందుతోంది. ఆ తర్వాత స్పార్క్ వస్తోందో లేదో చూడండి. స్పార్క్ లేకపోతే ఇగ్నైటర్ మీద తడిపి పిండిన గుడ్డ వేసి, రెండు నిమిషాలాగి సెల్ఫ్ కొట్టండి. అరగంట ఆగకుండానే స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. లైటే వెలగకపోతే ఈఎఫ్ఐ రిలే, దాని ఫ్యూజు చూడాలి.

ఎర్తింగ్ (బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు కలిపే వైరు) కూడా చూడండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, బోల్టుల కింద పచ్చటి చిలుం ఊరికే పడుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఆ వైరు విప్పి గీకి బిగించండి. మా పాత కారుకు ఓ వర్క్‌షాప్‌లో ఏకంగా కంప్యూటరే మార్చేశారు. అసలు జబ్బు ఇలాంటి ఎర్త్ వైరే. ఆ బిల్లు ఇప్పటికీ దాచుకున్నాను, ఎవరైనా కంప్యూటర్ మార్చాలనగానే తీసి చూపించడానికి.

ఇవన్నీ బాగున్నాకే కంప్యూటర్ వంతు. ఎంఆర్2లో అది డిక్కీలో, ఇంజిన్ వైపు గోడకు ఉంటుంది. థ్రాటిల్ సెన్సర్ (ఇంజిన్‌కు గాలి వదిలే తలుపు ఎంత తెరుచుకుందో చూసేది) కప్లర్‌లో వీసీ, ఈ2 అనే పిన్నుల మధ్య 5 వోల్టులు రావాలి. రాకపోతే, ఆ సరఫరా అందుకునే మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ చూడండి, షార్టయిన సెన్సర్ ఒక్కటే మొత్తాన్నీ కిందికి లాగేయగలదు. అన్నీ తీసినా రాకపోతే బ్యాటరీ మైనస్ విప్పి కంప్యూటర్ డబ్బా తెరవండి. అప్పటి జపాన్ బళ్ల కంప్యూటర్లలో కెపాసిటర్లు (కరెంటు దాచుకునే చిన్న గొట్టాల్లాంటి భాగాలు) కారి, బోర్డు మీద రాగి గీతల్ని తినేయడం మామూలే. కారిన కెపాసిటర్ చేపల వాసన కొడుతుంది. పులుసు వాసన కాదండోయ్, ఎండిన పచ్చి నీచు వాసన. అదే అయితే టీవీలు బాగుచేసే మంచి పనివాడి దగ్గరికి వెళ్లండి. అంతే కెపాసిటీ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవి వేయమనండి. వందల్లో తేలిపోయే పని.

సందేహం: 2016 కారు. చెక్ లైట్ వెలిగినప్పుడల్లా ఫోన్ యాప్‌లో క్లియర్ నొక్కుతున్నాను. రెండ్రోజులకు మళ్లీ వస్తోంది. యాప్ తప్పా?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

యాప్ తన పని తాను చేస్తోందమ్మా. కోడ్‌తో పాటు, తప్పు జరిగిన క్షణంలో స్పీడెంత, వేడెంత అని కంప్యూటర్ ఒక లెక్క రాసి పెట్టుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మీరు క్లియర్ నొక్కగానే అదీ పోతుంది, మెకానిక్‌కు ఆధారం మిగలదు. ఈసారి ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. లైటు నిలకడగా వెలిగితే తీరిగ్గా చూపించుకోవచ్చు. మిణుకుమంటుంటే మాత్రం మిస్సింగ్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) గట్టిగా ఉన్నట్టు. అలాగే నడిపితే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) కాలిపోతుంది, పక్కకు తీసి ఆపేయండి.

సందేహం: మొన్నటి వానకు కారులోకి నీళ్లొచ్చాయి. కంప్యూటర్‌ని బియ్యంలో పెడితే ఆరుతుందా?
– ఓ పాఠకుడు, సింగరాయకొండ

బియ్యం అన్నానికే ఉంచండి. తాళం తిప్పకుండా, సెల్ఫ్ కొట్టకుండా ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. తడిసిన బోర్డును పాడుచేసేది నీళ్లకన్నా, తడి మీద పారే కరెంటే. డబ్బా విప్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించి, కప్లర్ పిన్నులన్నీ పూర్తిగా ఆరాకే వైరు తగిలించండి.