గోడపత్రిక కింద అభిప్రాయాల పుస్తకం పెట్టాలా? మా ఊరి అనుభవం

మీ గ్రంథాలయం అరుగు మీద గోడపత్రిక, అంటే ఊరివాళ్ల రచనలు గోడకు అంటించే పత్రిక, మొదలుపెడుతున్నామని మీరు రాశారు. చదివినవారు అభిప్రాయం రాయడానికి కింద ఒక పుస్తకం పెట్టాలా, పెడితే తిట్లూ తగవులూ రాకుండా ఎలా చూసుకోవాలి అని అడిగారు. పెట్టండి. తగవులు ఎలాగూ వస్తాయి. గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న మా ఊళ్లో 2019 నవంబరులో, గ్రంథాలయ వారోత్సవాలప్పుడు మేమూ మొదలుపెట్టాం. చేసిన తప్పుల్లో ఎక్కువ నావే కనుక వాటి గురించి నమ్మకంగా చెప్పగలను.

మొదట ఒక లావుపాటి నోటుపుస్తకం కొని, పేజీలకు నేనే అంకెలు వేసి, పెన్ను దారంతో కట్టి వదిలేశాం. మొదటి వారంలో వచ్చినవి: బాణం గుచ్చిన హృదయాలు రెండు, కొబ్బరి దింపుకు మనిషి కావాలని ఒకటి, ఇళ్లస్థలాల వారి కరపత్రం జిగురుతో అంటించినది ఒకటి. పత్రికలోని రచనల గురించి ఒక్క మాట లేదు. ప్రకటనలకు పక్కనే వేరే అట్ట తగిలించాక ఆ బెడద చాలావరకు తీరింది. వాళ్లకు కావలసింది నలుగురి కళ్లూ పడే చోటు, అంతే.

తర్వాత భయపడి రెండో కొసకు వెళ్లాం. తాళం వేసిన పెట్టె పెట్టి, చీటీలు అందులో వేయమని, ఆదివారం తీసి మంచివి అంటించడం మొదలుపెట్టాం. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీళ్లు వంతులవారీగా ఇచ్చే రోజులవి. మా వంతు ఎప్పుడని సోమవారం ఒకరు వేసిన చీటీని నేను ఆదివారం తీసి చూశాను. అప్పటికి నీళ్లు వచ్చి వెళ్లిపోయాయి. జవాబు రాని చోట రెండోసారి ఎవరూ రాయరు. ఇప్పుడు పెట్టె కొత్తవారికి మాత్రమే. రోజూ సాయంత్రం తీస్తాం. రెండు మూడు చీటీలు సవ్యంగా ఉంటే, ఆ తర్వాత వారు నేరుగా పుస్తకంలోనే రాసుకోవచ్చు.

పేరు విషయంలో మొదటినుంచీ గట్టిగా ఉండండి. ఆకాశరామన్న ఉత్తరాలకు చోటిస్తే పాత పొలంగట్టు తగాదాలన్నీ మీ అరుగెక్కుతాయి. అయితే అసలు పేరే వేయాలని పట్టుబట్టినన్నాళ్లు మా పుస్తకంలో ఆడవాళ్ల రాత కనపడలేదు. రాసినవారెవరో నిర్వాహకులకు తెలిస్తే చాలు, పైకి కలం పేరు ఉండవచ్చు అన్నాక రాయడం మొదలుపెట్టారు. ఆ కలం పేర్ల వెనక ఎవరున్నారో మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఇది తేలికైన పని కాదు, మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఇక తిట్ల సంగతి. రాయకూడని మాటల పట్టిక ఒకటి తయారుచేసి గోడకు అంటించాను. గోదావరి జిల్లాల్లో అది దండగ. ఇక్కడ మనిషిని నిలువునా కోయడానికి చెడ్డమాట అక్కర్లేదు, 'అండి' చాలు. శివారు పొలాలకు నీరెందుకు అందదో వివరిస్తూ, తప్పంతా ఎగువ రైతులదేనని నేను ఒక వ్యాసం రాశాను. మర్నాడు పుస్తకంలో ఇలా ఉంది: “మాస్టారు కాలువల గురించి చాలా చక్కగా రాశారండి. కాలువలో దిగినవాళ్లు రాస్తే ఇంత చక్కగా రాదండి.” నా పట్టికలోని మాట ఒక్కటీ లేదు. ఆ రాత్రి పుస్తకంలోంచి ఆ మాటలున్న కాగితం చింపేశాను.

పేజీలకు అంకెలు వేసింది నేనే కదా. తెల్లారేసరికి 42 తర్వాత 45 కనపడింది. ఎవరూ అడగలేదు, గొడవ చేయలేదు. దాదాపు నెల రోజులు పుస్తకంలో ఒక్క అక్షరం పడలేదు. చివరికి ఆ రెండు వాక్యాలనూ నా చేత్తో నేనే మళ్లీ రాసి, చింపింది నేనేనని కింద సంతకం పెట్టాక గాని జనం పెన్ను పట్టలేదు. ఆ రోజునుంచి కాగితం చింపడం లేదు. తగనిదాని మీద చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, ఎందుకు కొట్టామో పక్కన తేదీతో రాస్తాం. బూతు, కులం పేరుతో దూషణ, ఆడపిల్లల పేర్లు, ఈ మూడింటినే తెల్లకాగితం అంటించి పూర్తిగా మూస్తాం. దాని మీదా కారణం ఉంటుంది. మమ్మల్ని విమర్శించినదాని మీద గీత కొట్టే అధికారం మాకు లేదు. అలాంటిదాన్ని నిర్వాహకుడు కాని మరొకరు చూస్తారు.

అన్నిటికంటే చిక్కు మనుషుల మీద ఆరోపణలు. ఒక రొయ్యల చెరువు ఉప్పునీరు పంటబోదెలోకి వదులుతున్నారని, యజమాని పేరుతో సహా ఒకరు రాశారు. విషయం ఊరికి అవసరమైనదే. కానీ నిరూపించలేని మాటతో ఒకరి పరువు తీస్తే అది నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను, వెనుకటి శిక్షాస్మృతిలో 499, 500. రాసినవారే కాదు, తెలిసి దాన్ని నలుగురిలో పెట్టినవారూ చిక్కుల్లో పడవచ్చు. మేము పేరు మీద కాగితం అంటించి, ఉప్పునీటి సంగతి అలాగే ఉంచాం. చెరువు ఆయన వచ్చి కేకలు వేశారు. మీ మాట కూడా అంతే చోటులో రాయండి అని పెన్ను ఇస్తే, కూర్చుని పేజీన్నర రాశారు.

వరద వస్తే మాత్రం పుస్తకం మూసేయండి. 2022 జులైలో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మూడో వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో, పక్క ఊరి దగ్గర గట్టు తెగిందని పొద్దున్నే ఎవరో రాశారు. అది అబద్ధమని తేలేలోపు సగం వీధి గొడ్లను విప్పి తోలుకుపోయింది. అప్పటినుంచి వరద రోజుల్లో పుస్తకం అల్మరాలో ఉంటుంది, దాని చోట నల్లబల్ల ఉంటుంది. ధవళేశ్వరంలో నీటిమట్టం ఎన్ని అడుగులు, ఏ గంటకు, ఎవరు చెప్పారు, అంతే. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని బల్ల మూలన శాశ్వతంగా రాసి ఉంచాం. ఆ ఏడాది హెచ్చరికలన్నీ ఎత్తేశాక పుస్తకం మళ్లీ బయట పెట్టాం. మొదట పడిన అభిప్రాయం, బల్ల మీద నా అంకెల్లో ఒకటికీ ఏడుకీ తేడా తెలియడం లేదండి అని.