సూర్యలంక బీచ్‌లో ప్రశాంతత దొరకలేదన్న తమ్మునికి

"నల్గొండ నుంచి ఒక్కణ్ణే పోయిన, సూర్యలంక జాతర లెక్క ఉంది" అన్నవు కదా తమ్మీ. తప్పు ఆ తీరానిది కాదు, నువ్వు పోయిన ఆదివారానిది. కార్తీకంల అయితే ఇంకా ఎక్కువ.

1. కార్తీకం కాకుండా చూస్కోని సోమవారం పో. గుంటూరు, తెనాలి మీదుగా పోయే రైలెక్కి బాపట్లల దిగు. అక్కడి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, ఆటోల పోవచ్చు.

2. చాలామంది మరిచేది ఇదే: గది బాపట్లల కాదు, ఒడ్డు మీదనే తీసుకో. హరిత రిసార్టు అక్కడనే ఉంది, ముందే బుక్ చెయ్. అది తూర్పు తీరం, పొద్దు సముద్రంలకెళ్లే పొడుస్తది. ఊర్లె దిగినోళ్లు వచ్చేసరికి ఎండ ముదురుతది. నువ్వు ఐదున్నరకే ఇసుకల నడువు. ఆ రెండు గంటల కోసమే నేనైతే అంత దూరం పోత.

3. ఒక్కనివే కాబట్టి మోకాలి లోతు దాటకు, తమ్మీ. అల వెనక్కి గుంజుతది.