ఆ 60 సెకన్లు ఎప్పట్నించి లెక్క?

ప్రశ్న: సార్, మొన్న ఆదివారం బీచ్ రోడ్డు దగ్గర గ్రౌండ్‌లో రగ్బీ మ్యాచ్ ఆడాం, పదిహేను మంది ఆట. పెనాల్టీ వచ్చింది, గోల్‌కి కొడతామని కెప్టెన్ పోస్టులు చూపించాడు. సముద్రం గాలికి టీ (బంతిని నిలబెట్టే చిన్న స్టాండు) మీద బంతి రెండుసార్లు పడిపోయింది. మూడోసారి నిలబెట్టి మావాడు పరుగు అందుకున్నాడో లేదో, రెఫరీ విజిలేసి టైమ్ అయిపోయిందని అవతలి జట్టుకి స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్లు భుజాలు కలిపి నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడటం) ఇచ్చేశాడు. బంతి నిలబెట్టాకే కదా టైమ్ మొదలవ్వాలి? రెండు పాయింట్లతో ఓడిపోయాం.
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రెండు పాయింట్లతో ఓడిన మ్యాచ్‌లో మూడు పాయింట్ల కిక్ పోయిందంటే చాలా బాధగానే ఉంటుంది. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి రెఫరీ చేసింది కరెక్టే. గోల్‌కి కొడతామని తెలిపిన దగ్గర్నుంచి 60 సెకన్లలో కిక్ అయిపోవాలి, మధ్యలో బంతి దొర్లిపోయి మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చినా సరే. ఈ 'దొర్లిపోయినా సరే' అన్నది నేను కలిపింది కాదు, రూల్లోనే ఉంది. అయిపోవడమంటే కాలు బంతికి తగలడం, పరుగు మొదలుపెడితే చాలదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. చెయ్యి చూపించకపోయినా, టీ లోపలికి వచ్చిందంటే, లేదా కిక్కర్ నేలమీద గుర్తు పెట్టాడంటే, గోల్‌కి కొడతామని చెప్పినట్టే. ఆ తర్వాత మనసు మార్చుకుని టచ్‌కి (పక్క గీత బయటికి) కొడతామంటే కుదరదు. ఎవరికైనా దెబ్బ తగిలి రెఫరీ వాచీ ఆపితే మాత్రం ఆ సమయం లెక్కలోకి రాదు. పెద్ద మ్యాచ్‌లకి 2023 జనవరి నుంచి స్క్రీన్ మీద షాట్ క్లాక్ (కిక్‌కి మిగిలిన సెకన్లు చూపించే గడియారం) పెడుతున్నారు, మన గ్రౌండ్లలో రెఫరీ వాచీయే దిక్కు, అందుకే 'ఇంకో ఇరవై' అని రెఫరీ ఓ కేకేస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

టచ్‌కి కొట్టే పెనాల్టీకి ఈ 60 సెకన్లు లేవు, ఆలస్యం చేయకుండా కొట్టాలి, అంతే. అంటే తీరిగ్గా కొట్టొచ్చని కాదు. 2022 సెప్టెంబరులో మెల్‌బోర్న్‌లో 37-34తో ముందున్న ఆస్ట్రేలియాకి చివర్లో పెనాల్టీ వచ్చింది. బెర్నార్డ్ ఫోలీ బంతి పట్టుకుని నిలబడిపోయేసరికి, రెఫరీ మాథ్యూ రేనాల్ న్యూజిలాండ్‌కి స్క్రమ్ ఇచ్చేశాడు. వాళ్లు ట్రై కొట్టి (అవతలి జట్టు గోల్ గీత దాటి బంతిని నేలకి ఆనించి) 39-37తో గెలిచారు.

మీరు సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) కూడా ఆడుతుంటే అక్కడ 30 సెకన్లే, పైగా డ్రాప్ కిక్, అంటే బంతిని చేతిలోంచి నేలకి వదిలి, ఎగరగానే తన్నడం.

గాలి మాటకొస్తే, బంతిని ఒక ఆటగాడు పట్టుకోవచ్చు. మీవాణ్ణొకణ్ణి పక్కన బోర్లా పడుకుని బంతి కొనమీద వేలు ఆనించమనండి, కాలు తగిలేదాకా కదలదు. టీ బదులు ఇసుక వాడినా చెల్లుతుంది. ఎవరు పట్టుకోవాలో మ్యాచ్‌కి ముందే అనుకుని ఉంచండి, పోస్టులు చూపించాక మాట్లాడుకుంటూ నిలబడితే ఆ సెకన్లు కూడా పోయినట్టే.