పదోన్నతి వచ్చినా ఓడిపోయినట్టే అనిపిస్తోంది, ఉద్యోగం మానేస్తే సంతోషం దొరుకుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పదమూడేళ్ల ఉద్యోగం, ఆరు నెలల కిందట పదోన్నతి, తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ, అందరూ మెచ్చుకుంటున్నా లోపల మాత్రం ఓడిపోయానన్న బాధ. రాజీనామా చేస్తే సంతోషం దొరుకుతుందా అని అడిగారు. రాజీనామా లేఖ రాసి, నాలుగు నెలలు సొరుగులో పెట్టుకుని, చివరికి ఇవ్వకుండా ఉండిపోయినదాన్ని నేను. అందుకే రాస్తున్నాను.

నేను ఒక సంస్థ ఖాతాల విభాగంలో పందొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. నెలాఖరు, త్రైమాసికం చివర, సంవత్సరాంతం, మా రోజులన్నీ ఏదో ఒక ముగింపు చుట్టూ తిరుగుతాయి. నలభయ్యో ఏట విభాగానికి అధిపతినయ్యాను. ఆ ఆనందం ఎంతసేపు నిలిచిందో కచ్చితంగా చెప్పగలను. మర్నాడు మధ్యాహ్నం జరిగిన సమావేశం వరకు. రాబోయే త్రైమాసికం లక్ష్యాలు తెర మీద కనిపించగానే, ఇకపై ఈ స్థానాన్ని నిలబెట్టుకోవాలి కదా అన్న భయం వచ్చి కూర్చుంది. అది మరి లేవలేదు.

మూడేళ్లు అలాగే గడిచాయి. రాత్రి పదింటికి ఇంటికి చేరినా సరిపోలని పద్దు ఒకటి కళ్ల ముందే ఉండేది. నిద్రలో కూడా అంకెలు కూడేదాన్ని. చిత్రం ఏమిటంటే, ఆ మూడేళ్లలో నా పనికి వచ్చినన్ని ప్రశంసలు అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. ప్రతి ప్రశంస వినగానే, ఈసారి తప్పించుకున్నాను, వచ్చేసారి దొరికిపోతాను అనుకునేదాన్ని. ఈ భావనకు 1978లోనే పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు "ఇంపోస్టర్ ఫినామినన్" అని పేరు పెట్టారని, బాగా రాణించిన మహిళలతో మాట్లాడినప్పుడే దీన్ని గుర్తించారని చాలా తర్వాత తెలిసింది. అప్పట్లో ఇది నా ఒక్కదాని రహస్యమే అనుకున్నాను.

అసలు విషయం ఒక ఉత్తరం వల్ల బయటపడింది. చిన్నప్పటి స్నేహితురాలు చాలా ఏళ్ల తర్వాత నా చిరునామా సంపాదించి ఈమెయిలు పంపింది. ఎంతో సంతోషంతో రాత్రి కూర్చుని పెద్ద జవాబు రాశాను. ఎప్పుడు ఏ పదవికి వచ్చానో, ఎంతమందిని చూసుకుంటున్నానో, ఏ కొత్త విధానం ప్రవేశపెట్టి నెలాఖరు పనిని ఎన్ని రోజులు తగ్గించానో, అన్నీ రాశాను. ఆమె రెండే వాక్యాలతో బదులిచ్చింది. "ఇవన్నీ చదివితే ఎంత గర్వంగా ఉందో. సరే గానీ, నువ్వెలా ఉన్నావే?"

నేను పంపినది మళ్లీ తెరిచి చూసుకున్నాను. ఏటా సంస్థకు సమర్పించే స్వీయ మదింపు పత్రానికీ, ప్రాణస్నేహితురాలికి రాసిన ఉత్తరానికీ తేడా లేదు. నేను ఎలా ఉన్నానో చెప్పడానికి ఉద్యోగం తప్ప నా దగ్గర మాటలే లేవు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత మానసిక నిపుణురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె నా చేత ఒక కాగితం మీద "నేను" అని మొదలుపెట్టి పది వాక్యాలు రాయించారు. ఏడు ఉద్యోగం గురించే వచ్చాయి. మిగిలిన మూడు వాక్యాలు కూడా ఇతరులకు నేను చేయవలసిన పనులే. ఆమె అప్పుడు ప్యాట్రీషియా లిన్‌విల్ అనే పరిశోధకురాలు 1985లో చెప్పిన మాట వివరించారు. తమను తాము ఒకటి రెండు పాత్రల్లోనే చూసుకునేవారికి, ఆ పాత్రలో గెలుపు వచ్చినా ఓటమి వచ్చినా మనసు మరీ ఎక్కువగా ఊగిసలాడుతుందట. ఒంటిస్తంభం మేడ లాగా అన్నమాట. స్తంభం ఎంత గట్టిదైనా, చిన్న గాలికే లోపల ఉన్న మనిషి గుండె గుభేలుమంటుంది. నాకు అంతవరకు స్తంభాన్ని ఇంకా గట్టి చేయడమే తెలుసు. మీరు కూడా ఇప్పుడు అదే చేస్తున్నారని నా అనుమానం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒత్తిడంతా మన మనసులోనే ఉంది, ఆలోచన మార్చుకుంటే పోతుంది అనేవారిని నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను నిర్వచించినప్పుడు దాన్ని వ్యక్తి లోపంగా చూపలేదు. పనిచేసే చోట దీర్ఘకాలంగా ఉంటూ, అదుపులోకి రాని ఒత్తిడి ఫలితం అంది. దానికి మూడు లక్షణాలు చెప్పింది. ఒంట్లో శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత పెరగడం, పనిలో సామర్థ్యం తగ్గిపోవడం. అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన లెక్క ఇంకా భయపెడుతుంది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నేను మూడేళ్లపాటు వారానికి అరవై గంటలు దాటి చేశాను. కాబట్టి మీరు ముందుగా రెండు వారాల పాటు మీ పని గంటలు నిజాయితీగా రాసుకోండి. రాత్రి ఫోనులో చూసే సందేశాలు కూడా కలపండి. నేను ఆ కాగితాన్ని పట్టుకునే పై అధికారి దగ్గరికి వెళ్లాను. అలసిపోయాను అని చెప్పినన్నాళ్లూ ఓదార్పు దొరికింది. గంటల లెక్క చూపించాక ఇద్దరు మనుషులు దొరికారు.

తెల్లవారుజాము మెలకువకు నాకు పనికొచ్చినది చాలా చిన్న విషయం. కార్యాలయం వదిలే ముందు పది నిమిషాలు కూర్చుని, మిగిలిపోయిన పనులు, రేపు వాటిలో దేన్ని ఎన్ని గంటలకు మొదలుపెట్టాలో కాగితం మీద రాసి అక్కడే వదిలి వచ్చేదాన్ని. పని పూర్తి కాకపోయినా, ఎప్పుడు చేయాలో తేలితే మనసు దాన్ని మోయడం తగ్గిస్తుంది. మీకు నిద్ర లేకపోవడంతో పాటు రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే మాత్రం ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టి వెంటనే వైద్యుణ్ణి కలవండి.

సంతోషం సంగతికి వస్తాను, మీరు అడిగింది దాని గురించే కదా. నిపుణురాలు నన్ను వారానికి రెండు గంటలు ఎవరికీ ఉపయోగపడని పని చేయమన్నారు. నేను ఆకులు గీయడం మొదలుపెట్టాను. నేల మీద రాలిన ఆకు ఒకటి తెచ్చుకుని, పెన్సిలుతో దాని ఈనెలన్నీ గీయడం. బడిలో ఉన్నప్పుడు నోటు పుస్తకాల అంచుల్లో ఇవే గీసేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది. మొదటి నెలంతా చేతికి ఏదీ సరిగా రాలేదు. అయినా లేచి చూస్తే రెండు గంటలు గడిచిపోయేవి, ఆ రెండు గంటల్లో నాకు ఉద్యోగం ఉందన్న సంగతే గుర్తుండేది కాదు.

అప్పుడొక పొరపాటు చేశాను. సహోద్యోగి ఒకరు చూసి బాగున్నాయి, అందరికీ చూపించండి అన్నారు. సామాజిక మాధ్యమంలో పెట్టాను. మెచ్చుకోళ్లు వచ్చాయి. రెండు నెలలు తిరిగేసరికి ఏ ఆకుకు ఎక్కువ మెచ్చుకోళ్లు వస్తాయో చూసి ఎంచుకుంటున్నాను, వారానికి ఇన్ని గీయాలని లక్ష్యం పెట్టుకున్నాను. ఒక ఆదివారం పెన్సిలు పట్టుకోగానే త్రైమాసికం చివర వచ్చే కడుపులో మెలిక వచ్చింది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం గురించి ఆ తర్వాతే చదివాను. బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. కొన్నాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు చూస్తే, ఆ పిల్లలు గీయడం మీద గడిపిన సమయం మిగతావారితో పోలిస్తే దాదాపు సగమే. చదువుతుంటే, పందొమ్మిదేళ్ల కిందట అంకెలంటే ప్రేమతో ఖాతాల పనిలోకి వచ్చిన అమ్మాయి గుర్తొచ్చింది. ఒక లెక్క తేలితే కలిగే హాయి నాకు నిజంగా ఇష్టమైనది. దాన్ని ఎప్పుడు పోగొట్టుకున్నానో నాకే తెలియలేదు.

బొమ్మలన్నీ మాధ్యమం నుంచి తీసేశాను. ఇప్పుడు ఎవరికీ చూపించను, నా స్నేహితురాలికి తప్ప.

రాజీనామా ఎందుకు ఇవ్వలేదంటే, ఆ నాలుగు నెలల్లో పనివేళలు తగ్గాయి, నిద్ర వచ్చింది, అప్పుడు చూస్తే నాకు పని మీద ద్వేషం లేదని తెలిసింది. మీ విషయంలో అలా కాకపోవచ్చు. మీ పై అధికారి గంటల లెక్క చూసి కూడా పట్టించుకోకపోతే, నిజాయితీ లేని పనులు చేయమంటే, మానేయడమే మంచిది. కానీ నిద్ర లేని మనిషి ఆ నిర్ణయం తీసుకోకూడదు. నేను ఆ స్థితిలో వెళ్లిపోయి ఉంటే, కొత్త చోట మరో స్తంభం కట్టడం మొదలుపెట్టేదాన్నే. తర్వాతి పదోన్నతి వచ్చినప్పుడు మాత్రం వద్దన్నాను. ఇంట్లో వారికి అది అర్థం కావడానికి ఏడాది పట్టింది, నాతో పాటు పనిలో చేరిన ఒకరు ఇప్పుడు నాకు పై అధికారి. మొదట్లో ఆ గది ముందు నుంచి నడవాలంటే గుండె కలుక్కుమనేది. ఇప్పుడూ అప్పుడప్పుడు అవుతుంది, అబద్ధం చెప్పను.

మీరు రాసిన ప్రశ్నలో ఉద్యోగం గురించి చాలా వివరంగా ఉంది. మీకు ఏమి చేస్తుంటే కాలం తెలియదో అందులో ఎక్కడా లేదు. పదిహేనేళ్ల వయసులో ఏమి చేసేవారో గుర్తు తెచ్చుకుని, వీలైతే ఈ జవాబు కింద రాయండి. నేను చదువుతాను.